‘ఎంట్రోపి’ అను మాట: దాని పుట్టుక, దాని ఢిల్లీ ప్రయాణము

గత సంవత్సరము వేసవిలో ఒకనాటి సాయంకాలము. ఢిల్లీవాసులు ‘లూ’ అని పిలుచు వడగాలి అప్పుడే తగ్గుముఖము పట్టుచుండెను. కిటికీలోని కూలరు చప్పుడు చేయుచు గదిని చల్లబరచుచుండెను. పదునొకండవ తరగతి చదువుచున్న మా అమ్మాయి మూడు పుస్తకములను ముందు వేసికొని కూర్చుండెను. ఒకటి ఆమె ఇంగ్లీషు పాఠ్యపుస్తకము; రెండవది పొరుగింటి స్నేహితురాలి హిందీ పుస్తకము; మూడవది విజయవాడలో చదివిన మా తమ్ముని కొడుకు పంపిన తెలుగు పుస్తకము. మూడింటిలోను ఒక చోట ఒకే మాట కనబడుచుండెను. లిపులు మాత్రము వేరు.

“నాన్నగారూ, ఎంట్రోపీని తెలుగులో ఏమంటారు?” అని అడిగెను.

కచేరీనుండి అలసివచ్చిన నేను ఆలోచింపకయే “గందరగోళం అంటారమ్మా” అని చెప్పితిని.

“అయితే మీ బల్లమీది కాగితాలన్నీ ఎంట్రోపీయేనా?” అని నవ్వెను.

నేనును నవ్వితిని, కాని నా సమాధానము నాకే తృప్తి కలిగింపలేదు. చెప్పిన మాట తెలుగే. చెప్పిన అర్థము మాత్రము సరియైనది కాదు. మాతృభాషలో అడిగిన ప్రశ్నకు ఇంటిలో సరియైన సమాధానము దొరకనిచో, ఆ పిల్ల తరువాతి ప్రశ్నను మరియొక భాషలో మరియొకరిని అడుగును. కొంతకాలమునకు మనలను అడుగుటయే మానివేయును. ఈ భయమే నన్ను పుస్తకములు తిరుగవేయునట్లు చేసినది. అందు నాకు దొరకిన సంగతులను సోదర పాఠకులతో పంచుకొనుటయే ఈ వ్యాసము యొక్క ఉద్దేశము.

ఎంట్రోపి అను మాటకు పూర్వరంగము ఆవిరియంత్రము. బొగ్గు కాల్చగా పుట్టిన వేడిలో ఎంత భాగమును పనిగా మార్చవచ్చును? ఈ ప్రశ్నకు 1824లో సాదీ కార్నో అను ఫ్రెంచి యువకుడు మౌలికమైన సమాధానము చెప్పెను. వేడి ఎక్కువగా నున్న చోటినుండి తక్కువగా నున్న చోటికి దిగునపుడే యంత్రము పనిచేయును; యంత్రమెట్టిదైనను, దాని శక్తికి హద్దును నిర్ణయించునవి ఆ రెండు చోట్ల ఉష్ణోగ్రతలే. కార్నో తన 36వ యేట, 1832లో, కలరా వ్యాధితో మరణించెను. అతని గ్రంథమును అప్పటికి పట్టించుకొన్నవారు బహుకొద్దిమంది.

ఆ హద్దు ఎట్టిదో మన ఊరి ఉదాహరణముతోనే చూడవచ్చును. ఢిల్లీకి దక్షిణమున బదర్‌పూర్ విద్యుత్కేంద్రము 1973 మొదలు 2018 అక్టోబరు 15వ తేదీవరకు పనిచేసెను. అటువంటి కేంద్రములో ఆవిరి 540 డిగ్రీల వేడిలోను, చల్లబరచు నీరు 40 డిగ్రీల వేడిలోను ఉన్నవనుకొందము. కార్నో లెక్క ప్రకారము ఎంతటి నిపుణుడైన ఇంజనీరైనను ఆ వేడిలో నూటికి 62 పాళ్లకు మించి పనిగా మార్చజాలడు. వాస్తవములో దక్కునది ఇంకను తక్కువ. మిగిలిన వేడిని నీటికిని గాలికిని అప్పగింపవలసినదే. అది యంత్రపు లోపము కాదు, ప్రకృతి నియమము.

కార్నో ఆలోచనను అందుకొని దానికి గణితరూపము నిచ్చినవారిలో జర్మనీ దేశస్థుడైన రుడాల్ఫ్ క్లాసియస్ ముఖ్యుడు. 1850లో ఆరంభించిన విచారణను కొనసాగించి, 1865లో జూరిచ్ నగరమున నున్నప్పుడు ఆయన ఒక క్రొత్త పరిమాణమునకు నామకరణము చేసెను. గ్రీకు భాషలో ‘త్రోపే’ అనగా మార్పు, మలుపు. దానినుండి, ‘ఎనర్జీ’ అను మాటకు తోబుట్టువువలె వినబడునట్లు, ‘ఎంట్రోపి’ అను మాటను కల్పించెను. ఇచ్చట ఒక విశేషము గమనింపదగినది. శాస్త్రములో ముఖ్యమైన పరిమాణములకు పేర్లను ప్రాచీన భాషలనుండి గ్రహించుట మంచిదనియు, అట్లయినచో జీవద్భాషలన్నిటిలోను అవి ఒకే రూపమున నిలుచుననియు ఆయన తలచెను. ఆయన కోరిక నెరవేరినది. నెరవేరినంతనే చిక్కును వచ్చినది: మాట అన్ని భాషలలో ఒకటే, కాని ఏ భాషలోను అది తనంత తానుగా అర్థము చెప్పదు. 1968లో లియాన్ కూపర్ అను అమెరికను భౌతికశాస్త్రజ్ఞుడు ఈ విషయముపై ఛలోక్తి విసరెను. అందరికిని సమానముగా ఏమియు తెలియజేయని మాటను క్లాసియస్ సృష్టించెనని దాని సారాంశము.

అయినను ఆ మాట వెనుక నున్న భావము అంత దుర్గ్రాహ్యము కాదు. జమాఖర్చులు తెలిసిన మనవారికి అది ఇంకను సులభము. శక్తిని మొత్తము నిధి యనుకొనుడు. ఆ నిధి పెరుగదు, తరుగదు. కాని అందులో పనికి ఉపయోగపడు భాగము మాత్రము నానాటికి తగ్గుచుండును. ఆ తగ్గుదలను చూపు ఖాతాయే ఎంట్రోపి. ఒక వస్తువు గ్రహించిన వేడిని దాని ఉష్ణోగ్రతతో భాగించినచో ఆ ఖాతాలో పద్దు వచ్చును. ఉష్ణోగ్రతను మాత్రము పరమశూన్యమునుండి లెక్కింపవలెను; మంచు కరగు స్థానము ఆ లెక్కలో 273 డిగ్రీలు.

ఒక గ్రాము మంచుగడ్డ 40 డిగ్రీల వేడిగల గదిలో కరగుచున్నదనుకొందము. కరగుటకు దానికి సుమారు 80 కేలరీలు కావలెను. మంచు పక్షమున 80ని 273తో భాగింపగా 0.293 జమ అగును. ఆ వేడిని ఇచ్చిన గది గాలి పక్షమున 80ని 313తో భాగింపగా 0.256 ఖర్చు వ్రాయబడును. రెండింటి తేడా 0.037 మిగులు. శక్తి ఖాతాలో జమయు ఖర్చును సరిపోయినవి. ఎంట్రోపి ఖాతాలో మాత్రము మిగులు తేలినది. ఈ మిగులు ఎన్నడును లోటుగా మారదు. కనుకనే వేడిగదిలో మంచు కరగును గాని, అదే గదిలో నీరు తనంత తాను గడ్డకట్టదు. వెలుపలినుండి పొత్తులేని ఏ వ్యవస్థలోనైనను మొత్తము ఎంట్రోపి తగ్గదు. దీనినే ఉష్ణగతిశాస్త్రమున రెండవ నియమమందురు.

ఈ మిగులు ఎందుకు వచ్చును? దీనికి కారణము చూపినవాడు వియన్నా నగరపు లుడ్విగ్ బోల్జ్‌మన్. 1877లో ఆయన ఎంట్రోపిని ‘విధముల సంఖ్య’తో ముడిపెట్టెను. పది నాణెములను వరుసగా బల్లమీద వేయుడు. బొమ్మా బొరుసూ అవి పడగల విధములు మొత్తము 1024. పదియును బొమ్మగా పడుటకు ఒకే విధము కలదు. అయిదు బొమ్మలు, అయిదు బొరుసులు పడుటకు 252 విధములు కలవు. నాణెములకు బొరుసుపై ప్రేమ లేదు, బొమ్మపై ద్వేషము లేదు. ఎక్కువ విధములున్న స్థితియే ఎక్కువసారులు కనబడును. పది నాణెములకే ఇంత భేదమున్నచో, ఒక చెంబెడు నీటిలోని లెక్కకందని అణువులకు భేదమెంత యుండునో ఊహింపవచ్చును. కాఫీ డికాక్షనులో పాలు కలియుటయే గాని మరల విడివడుట ఎవరును చూడకపోవుటకు ఇదియే హేతువు. ఆ విధముల సంఖ్యయొక్క లాగరిథమును ఒక స్థిరాంకముతో గుణించినచో ఎంట్రోపి వచ్చును. 1906లో మరణించిన బోల్జ్‌మన్ సమాధిమీద ఆ సూత్రమునే చెక్కిరి. ఆయన పేరిట వెలసిన ఆ స్థిరాంకము ఆధారముగనే 2019 మే 20వ తేదీనుండి ప్రపంచమంతట ఉష్ణోగ్రతా ప్రమాణమును నిర్ణయించుచున్నారు. మన దేశమునకు ఆ ప్రమాణములను కాపాడునది 1950 జనవరిలో ఢిల్లీలో ప్రారంభమైన జాతీయ భౌతిక ప్రయోగశాల.

ఇక మా కిటికీలోని కూలరు సంగతి. ఎండిన గాలిలో నీరు ఆవిరియగునపుడు ఒక గ్రామునకు సుమారు 580 కేలరీల వేడిని గాలినుండి లాగికొనును. గాలి చల్లబడుటవలన దాని ఎంట్రోపి తగ్గును. కాని నీరు ఆవిరియై విశాలమైన గాలిలో వ్యాపించుటచే పెరుగు ఎంట్రోపి దానిని మించును. కనుకనే ఆ పని సాగును. అదే కూలరు ఆగస్టు నెలలో ఏల పనిచేయదు? గాలి అప్పటికే తేమతో నిండియుండును. ఆవిరి వ్యాపించుటకు మిగిలిన అవకాశము స్వల్పము. జ్యేష్ఠములో చల్లగాలిని, శ్రావణములో ఉక్కను ఇచ్చు ఆ డబ్బా ప్రతి సంవత్సరము మనకు రెండవ నియమమును బోధించుచునే యున్నది. మనము మాత్రము దానిని తిట్టుచున్నాము.

భావము ఇట్టిది. ఇక ఆ మాట మన దేశపు పుస్తకములలో ఏ రూపమున నిలువవలెనను చర్చ సాగిన నగరము ఢిల్లీయే. అట్టి చర్చ ఈ నగరమునకు క్రొత్త కాదు. 1840వ దశకములో, మొగలు పాదుషా ఇంకను ఎఱ్ఱకోటలో నుండగనే, ఢిల్లీ కళాశాలవారు పాశ్చాత్య శాస్త్రములను ఉర్దూలోనికి అనువదింపబూనిరి. ఆ కళాశాలలో గణితము బోధించిన మాస్టర్ రామచంద్ర 1850లో గరిష్ఠ కనిష్ఠ సమస్యలపై వ్రాసిన గ్రంథమును, డి మోర్గన్ అను గణితవేత్త 1859లో లండనులో తిరిగి ప్రచురింపజేసెను. సమానార్థకము దేశభాషలో లేని శాస్త్రపదమును ఉన్నది ఉన్నట్లుగా గ్రహింపవచ్చునని ఆ అనువాదకులు నాడే ఒక నియమము ఏర్పరచుకొనిరి. 1857 విప్లవములో ఆ కళాశాల గ్రంథాలయము దోపిడికి గురియైనది, అనువాదోద్యమము అణగిపోయినది. నియమము మాత్రము నూరేండ్ల తరువాత మరల తలయెత్తినది.

1960 ఏప్రిలులో వెలువడిన రాష్ట్రపతి ఉత్తరువు ననుసరించి, 1961 అక్టోబరులో కేంద్ర విద్యామంత్రిత్వశాఖ క్రింద శాస్త్రీయ సాంకేతిక పదావళి సంఘము ఏర్పడెను. దాని ప్రథమాధ్యక్షులు ఆచార్య దౌలత్‌సింగ్ కొఠారీ. ఆయన అలహాబాదులో మేఘనాథ సాహా శిష్యులు. 1934నుండి ఢిల్లీ విశ్వవిద్యాలయములో భౌతికశాస్త్ర అధ్యాపకులు. ఆయన పరిశోధనలో పెద్దభాగము బోల్జ్‌మన్ చూపిన మార్గముననే, అనగా విధములను లెక్కించు శాస్త్రములోనే, సాగినది. ఇక గురువైన సాహా, శ్రీవాస్తవతో కలిసి రచించిన ఉష్ణశాస్త్ర పాఠ్యగ్రంథమును మన దేశమున అనేక తరముల విద్యార్థులు చదివిరి. ఎంట్రోపి యనగా ఏమో క్షుణ్ణముగా ఎరిగిన గురుశిష్య పరంపరలోని వ్యక్తియే దేశభాషల శాస్త్రపదములకు పెద్దదిక్కయ్యెను. 1961లోనే కొఠారీ రక్షణమంత్రికి శాస్త్ర సలహాదారు పదవిని విడిచిరి. ఆ స్థానమునకు వచ్చినవారు మన కృష్ణాజిల్లావాసి, రామన్ శిష్యులు, ఆచార్య సూరి భగవంతము. 1969వరకు ఆయన ఆ పదవిని నిర్వహించిరి. ఆ సంగతి తెలుగువారు గర్వముతో తలచుకొనదగినది.

పదావళి సంఘము నిర్ణయించిన సూత్రములు సరళమైనవి. మూలకముల పేర్లు, కొలతల ప్రమాణములు, వ్యక్తుల పేర్లనుండి వచ్చిన పదములు, ప్రపంచమంతట వాడుకలో నున్న అంతర్జాతీయ పదములు యథాతథముగా దేశలిపులలో వ్రాయవలెను. భావమును తెలుపు ఇతర పదములకు దేశభాషలలో సమానార్థకములు కల్పింపవలెను. కాబట్టి హిందీ పాఠ్యపుస్తకములలో ఎంట్రోపి అనునదే నిలిచినది. రామకృష్ణపురములో ఆ సంఘపు కార్యాలయమున్న పశ్చిమ ఖండ భవనముల ప్రక్కన మన ఉద్యోగులు ఎందరో కాపురములున్నారు. ప్రతిదినము ఆ భవనములను దాటి బస్సు పట్టుకొనువారికి, తమ పిల్లల పుస్తకములలోని మాటల తీర్పు అచ్చటనే జరిగినదని తట్టకపోవచ్చును.

తెలుగుదేశములో ఈ కృషి అంతకు చాల ముందే మొదలైనది. 1906లో హైదరాబాదులో కొమఱ్ఱాజు లక్ష్మణరావు ప్రభృతులు విజ్ఞాన చంద్రికా మండలిని స్థాపించి, చరిత్రతోపాటు ప్రకృతిశాస్త్రములను తెలుగులో ముద్రించిరి. పరిభాషకు వారు ముఖ్యముగా సంస్కృత ధాతువులను ఆశ్రయించిరి. ఉష్ణము, పీడనము, ద్రవ్యరాశి వంటి మాటలు నేడు మనకు పరాయివిగా తోచవనిన, అట్టివారి తరముల కృషి ఫలమే. 1968లో తెలుగు అకాడమి ఏర్పడగా, 1974వరకు దానికి అధ్యక్షులుగా నుండినవారు పాములపర్తి వేంకట నరసింహారావు. కళాశాలల స్థాయిలో తెలుగు పాఠ్యపుస్తకములు రూపొందినది అప్పటినుండియే. ఉష్ణమును ఉష్ణమనియే వ్రాసిన ఆ పుస్తకములలోను ఎంట్రోపి ఎంట్రోపిగనే నిలిచినది.

ఇందులో తప్పేమియు లేదు. ‘అవ్యవస్థ’ యనియో ‘గందరగోళము’ అనియో అనువదించినచో, పేరే తప్పుదారి పట్టించును. అరువు తెచ్చుకొన్న మాట కనీసము అబద్ధము చెప్పదు. రైలు, స్టేషను, పోస్టు మన నాలుకలపై నిలువలేదా? అవి నిలిచినది నిఘంటువులవలన కాదు. మన అవ్వలు రైలెక్కుటవలన, మన తాతలు పోస్టుకొరకు ఎదురుచూచుటవలన. ఎంట్రోపి అనుదానికి మాత్రము పుస్తకమున చోటు దొరకినది గాని, ఇంటి సంభాషణలో చోటు దొరకలేదు.

చోటు దొరకనందుననే వాడుకలో అది దారి తప్పుచున్నది. ఇంగ్లీషు పత్రికలలో క్షీణించు సంస్థను గూర్చియు, అస్తవ్యస్తమైన పాలనను గూర్చియు ఎంట్రోపి అని వ్రాయుట సాధారణమైనది. ఉపమానముగా అది క్షమింపదగినదే. కాని లెక్క చూచినచో ఆశ్చర్యము కలుగును. బల్లమీది నూరు ఫైళ్లను వరుస తప్పించుటచే విధముల సంఖ్యలో కలుగు ఎంట్రోపి భేదము, ఒక గ్రాము మంచు కరగుటచే దానిలో కలుగు పెరుగుదలలో కోటి కోట్ల వంతునకైన చాలదు. బల్లమీది చిందరవందర మన కన్నులకు గోచరించు అసౌకర్యము. ఏ కాగితమెచ్చట నున్నదో తెలిసిన గుమాస్తాకు అదియును లేదు.

మరియొక వాడుక మాత్రము శాస్త్రసమ్మతమైనది. 1948లో క్లాడ్ షానన్ అను అమెరికను ఇంజనీరు వార్తలను కొలుచుటకు ఒక సూత్రము చెప్పి, దానికిని ఎంట్రోపి అని పేరు పెట్టెను. ఇచ్చటను లెక్కింపబడునవి విధములే. మన పెండ్లి శుభలేఖను చూడుడు. ‘శ్రీరస్తు’ అనగానే తరువాత ‘శుభమస్తు’ వచ్చునని చదువకయే తెలియును. తెలిసిన మాటలో వార్త లేదు. ముహూర్తము మాత్రము ఏ దినమైనను, ఏ గడియయైనను కావచ్చును. కావున మనము కన్ను త్రిప్పి మొదట వెదకునది దానినే. ముందుగా ఊహింప వీలుకాని భాగమునందే వార్త అధికము. నేడు మన చేతిలోని ఫోనులలో చిత్రములను, పాటలను కుదించి పంపుట ఈ లెక్క ఆధారముగనే జరుగుచున్నది.

ఢిల్లీలోని తెలుగు కుటుంబముల స్థితిని గూర్చియు ఈ మాటను వాడవలెనను కోరిక నాకు కలిగినది. పాలలో డికాక్షనువలె మన పిల్లల మాటలు హిందీలో కలిసిపోవుచున్నవి, మరల విడివడవు అని వ్రాయుట సులభము. కాని అది శాస్త్రము కాదు. రెండవ నియమములో తగ్గుదల లేనిది పొత్తులేని వ్యవస్థకు; మన ఇల్లు అట్టిది కాదు. వెలుపలినుండి పని సమకూర్చినచో, ఒకచోట ఎంట్రోపిని తగ్గింపవచ్చును. రెఫ్రిజిరేటరు చేయునది అదే. లోపల చల్లబరచి, వెనుకనుండి వేడిని గదిలోనికి వదలును. దానికి ఖర్చగునది విద్యుత్తు. దుర్గాబాయి దేశ్‌ముఖ్ గారి చొరవతో 1948లో ఈ నగరమున ఆంధ్ర విద్యాసంఘము వెలసినప్పుడు తెలుగు పిల్లల చదువుకొరకు పెద్దలు వెచ్చించిన శ్రమయు అట్టిదే. ఇది ఉపమానమే గాని సిద్ధాంతము కాదని మరల మనవి చేయుచున్నాను. అయినను ఉపమానములో ఒక నిజము కలదు: మీట నొక్కనిదే పెట్టె చల్లబడదు.

ఈ సంగతులన్నియు ప్రోగుచేసికొని, కొన్ని దినముల తరువాత మా అమ్మాయిని పిలిచి, “గందరగోళం అని చెప్పాను గదా, అది తప్పమ్మా” అని ఒప్పుకొంటిని. తండ్రి తప్పు ఒప్పుకొనుట అరుదుగాన ఆమె శ్రద్ధగా వినెను. పది రూపాయి నాణెములను బల్లమీద పరచి, విధములు లెక్కించితిమి. వంటింటినుండి మా యావిడ మంచుగడ్డ తెచ్చి పళ్లెములో నుంచెను. అది కరగునంతవరకు ముగ్గురమును తెలుగులోనే మాటలాడుకొంటిమి.

చివరకు నేను, “మరి ఇప్పుడు దాన్ని తెలుగులో ఏమంటావు?” అని అడిగితిని.

ఆమె ఒక క్షణము ఆలోచించి, “ఎంట్రోపి అనే అంటాను నాన్నగారూ. కాని ఎవరైనా అర్థం అడిగితే తెలుగులో చెబుతాను” అనెను.